బస్తీ ఉన్నత పాఠశాలకు కాలము చెల్లినదా?

జంషెడ్‌పూరు పొలిమేరలయందలి సర్కారు ఉన్నత పాఠశాలలకు కాలము చెల్లినదనియు, గత్యంతరము లేనివారి బిడ్డలు తప్ప తక్కినవారెవ్వరును వాని గడప త్రొక్కుట లేదనియు, ఉపాధ్యాయులు చాలక, ఫలితములు చాలక, పిల్లలు చాలక నామమాత్రముగా నిలిచియున్న ఆ బడులను ఒకదానిలో నొకటి కలిపివేసి, అందువలన మిగిలెడి ద్రవ్యముతో పేదపిల్లలను ప్రైవేటు విద్యాలయములకు పంపుటయే వివేకవంతుల మార్గమనియు ఒక అభిప్రాయము ఈ నగరమున నానాటికి వేళ్లూనుకొనుచున్నది. కదమా, సోనారీ క్వార్టర్లలో కాపురముండి పదవీవిరమణ చేసిన పెద్దలు మొదలుకొని, వచ్చిన కూలిలో పెద్దపాలు బడి రుసుమునకే ధారవోయుచున్న ఆటో డ్రైవర్ల వరకు ఈ మాట అందరి నోటను వినవచ్చుచున్నది. ఇది పిల్లలపై ద్వేషముతో పలికెడి మాట కాదు. వారి మేలు కోరియే పలుకుచున్నారు. మేలు కోరి పలికిన తప్పుమాటను వినినవారు శంకింపరు గనుక అది కీడు కోరి పలికిన మాటకంటె లోతుగా నాటుకొనును. అందుచేతనే దీనిని ఉపేక్షింపక, మొదలంట పరీక్షించి ఖండింపవలసియున్నది.

ముందు వారి వాదమును వారు చెప్పుకొనునంత బలముగానే చెప్పుదును. ఇది టాటా ఉక్కు కంపెనీ కట్టిన ఊరు. బడులు, ఆసుపత్రులు, నీరు, దీపములు కంపెనీ చలవవలన వచ్చినవే గాని సర్కారువలన వచ్చినవి కావు. కనుక ఇచట సర్కారు బడి మొదటినుండియు అదనపు వస్తువే యని వారి మొదటి మాట. మెట్రిక్ ఫలితములే బడికి గీటురాయి. ఆ గీటురాయిపై బస్తీ బడి తేలిపోయినదని రెండవ మాట. సర్కారు ఒక్కొక్క విద్యార్థిపై వెచ్చించుదానిలో కొద్దిపాటితోనే ప్రైవేటు బడి అదే చదువు చెప్పుచున్నదని మూడవ మాట. ఇంగ్లీషు లేని చదువు చదువే కాదని నాలుగవది. ఇక మన తెలుగువారు దీనికి తోడు చేర్చెడి మాట మరియొకటి కలదు: ఆ బడిలో మన భాష లేదు, మన పిల్లలు లేరు, ఆ బడితో మనకేమి పని యని. ఈ అయిదు మాటలలో నిజము బొత్తిగా లేదనను; ఉన్న నిజమునుండి వారు తీసిన ముగింపు మాత్రము సత్యదూరమని నిరూపింప బూనుచున్నాను.

మొదటి మాటకు ఈ నగరచరిత్రయే సమాధానము చెప్పును. 1907లో కంపెనీ ఏర్పడి, ఆ పిమ్మట సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమునకు చేరువనున్న సాక్చీ గ్రామమున కర్మాగారము లేచి, 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు నోట ఆ ఊరు జంషెడ్‌పూరని పేరొందెను. వెడల్పైన వీథులు, నీడనిచ్చు చెట్లు, ఆటస్థలములు, మందిరములకును మసీదులకును చర్చీలకును తగిన తావులు ఉంచవలెనని 1902లో కంపెనీ మూలపురుషుడు జంషెడ్జీ టాటా తన కుమారునకు వ్రాసిన వాక్యములు ఈ ఊరివారికి కంఠస్థములు. కాని అందరును అప్పజెప్పెడి ఆ వాక్యములలో బడి ప్రసక్తి లేదు. విజ్ఞానమందిరమునకై తన ఆస్తిని అర్పింప సంకల్పించిన ఆ మహాశయుడు విద్యను మరచెనని నేననుట లేదు. కర్మాగారపు యజమాని ఎంతటి ఉదారుడైనను తన కార్మికులకు వసతి కూర్చువాడే గాని ఆ ఊరి సమస్త ప్రజలకును విద్యాహక్కు పూచీ పడువాడు కాడని మాత్రమే అనుచున్నాను. 1945 నాటి ప్రణాళికలో ఒట్టో కోనిగ్స్‌బెర్గరు అను వాస్తుశిల్పి, పిల్లలు నడచిపోగల దూరమున బడియుండునట్లు పేటలను కూర్చవలెనని ఊహించెను. ఆ ఊహ పూర్తిగా నెరవేరలేదు. ప్రణాళిక కాగితముపై నుండగానే నగరపు అంచున బస్తీలు పుట్టెను. అవి ఏ ప్రణాళికలోను లేని ఇండ్లు, ఏ క్వార్టరు జాబితాలోను లేని కుటుంబములు.

2005లో రాష్ట్రప్రభుత్వము కంపెనీ కౌలును పునరుద్ధరించినపుడు ఎనుబదియారు బస్తీల నేలను కౌలునుండి తప్పించెను. ఆ ఎనుబదియారు బస్తీల సంఖ్య నేటికిని ఈ ఊరి రాజకీయములలో మారుమ్రోగుచున్నది. దాని అర్థమును మాత్రము మన వాదులు గ్రహింపకున్నారు. బిర్సానగరు, బాగ్‌బెడా, పర్సూడీహ్, మాన్‌గో మొదలగు పొలిమేరలకు కంపెనీ దయ చూపినను అది దయయే గాని ధర్మబద్ధమైన బాధ్యత కాదు. దయకు ఎల్లలుండును; కంపెనీ మూసిన బడి గూర్చి బస్తీ తల్లి ఎవరినైనను నిలదీయ వీలు లేదు. ఆ పేటలలో పిల్లవాడు ఎవరి కొడుకని అడుగక, తండ్రి ఏ షాపులో పనిచేయునని అడుగక, ప్రవేశమీయ చట్టముచేత కట్టుబడిన సంస్థ సర్కారు బడి యొక్కటే. కంపెనీ నగరమున అది అదనపు వస్తువు గాదు సరికదా, కంపెనీ కానిది కనుకనే అత్యవసరమైనది.

తెలుగువారికి ఈ సంగతి మరొకరు చెప్పవలసిన పని లేదు. నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలనుండి బెంగాలు నాగపూరు రైలుమార్గము పట్టుకొని ఖరగ్‌పూరు మీదుగా కాలీమాటి స్టేషనులో దిగినవారికి, తరువాత అదే టాటానగరమైన ఆ స్టేషను వెలుపల, భుజముపై మూట తప్ప వేరొక ఆస్తి లేదు. కొలిమి వేడికి ఓర్చినవారు, రైలుపట్టాలు మోసినవారు, గోల్మురీ రేకుల కర్మాగారమున చెమటోడ్చినవారు బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామమందిరము నిలిపిరి. కదమాలో ఆంధ్ర అసోసియేషను పేర కూడుకొనిరి. ఆ పిమ్మట బడి కూడ నడపిరి. ఆ కుటుంబములలో రెండవ తరము ఫిట్టరో, గుమాస్తాయో, ఫోర్మనో అయినదన్నచో, మూడవ తరము ఇంజనీరై హైదరాబాదునకో అమెరికాకో పోయినదన్నచో, నడుమ ఎవరో మెట్రిక్ గడచినందువలననే గదా! ఆ మెట్రిక్ పెక్కుమందికి రుసుము తక్కువైన బడులలోనే లభించినది. ఏరు దాటి తెప్ప తగులబెట్టువారిని మన పెద్దలు మెచ్చుకొనలేదు. ఒడ్డున ఇంకను జనము వేచియుండగా తగులబెట్టువారిని ఏమనవలెనో పాఠకులే చెప్పుదురు గాక.

ఫలితముల వాదమునకు ముందు ఒక దృశ్యము చూపుదును. పొలిమేరయందలి ఇట్టి పాఠశాల యొకదానిలో పాత ప్రవేశపు రిజిస్టరును, కొత్తదానిని పక్కపక్కన విప్పి చూచితిని. అట్టకు కాకీగుడ్డ యంటించిన పాతదానిలో తండ్రి వృత్తి అను గడిలో, సిరా వెలిసిపోయినను, కోక్ ఓవెన్, బ్లాస్ట్ ఫర్నేస్, రోలింగ్ మిల్, లోకో షెడ్డు అని విభాగముల పేర్లు వరుసగా కానవచ్చుచుండెను. ఉద్యోగి టికెట్టు సంఖ్య కూడ కొందరు వ్రాయించుకొనిరి. కొత్తదానిలో ఆ గడి పొడుగున ఠేకా మజ్దూర్, ఠేకా మజ్దూర్, రేజా, రాజ్‌మిస్త్రీ, ఆటో, కూరగాయలు, మరల ఠేకా మజ్దూర్. బడి అదే, గడి అదే, దానిలోనికి వచ్చిన మనుష్యులు మారిరి. 1990 దశకపు ఆరంభమున డెబ్బది వేలకు పైబడియుండిన కంపెనీ ఉద్యోగుల సంఖ్య పదునైదేండ్లలో ఇంచుమించు సగమయ్యెను, ఉక్కు మాత్రము పెరిగెను. ఒకనాడు పర్మనెంటు కార్మికుడు చేసిన పనులనేకము నేడు ఠేకేదారు తెచ్చిన కూలివాడు చేయుచున్నాడు. క్వార్టరు గలవాని బిడ్డ ప్రైవేటు బడికి తరలెను. క్వార్టరు లేనివాని బిడ్డ ఈ బడికి వచ్చెను. దీనిని బడి పతనమనుట భాషాదోషము కాదు గాని న్యాయదోషము. పడిపోయినది కార్మికుని బ్రదుకు. దానిని ఉన్నదున్నట్లు చూపిన నేరమునకు బడిని శిక్షింప బూనుచున్నాము.

ఇట్టి బడి ఫలితమును, ప్రవేశమునకు ముందే తల్లిదండ్రుల చదువును జీతమును విచారించి పిల్లలను ఏరుకొనెడి బడి ఫలితముతో సరిపోల్చుట ఏ తర్కమున చెల్లును? తొమ్మిదవ తరగతిలో వెనుకబడిన పిల్లవానిని, మెట్రిక్ పట్టికలో తమ శాతము తగ్గునను భయముచేత, టీసీ చేతికిచ్చి పంపివేయు బడులు ఏ ఊరిలోనైనను కలవు. ఆ పిల్లవాడు నేరుగా వచ్చునది సర్కారు బడికే. వాడు ఉత్తీర్ణుడైనచో ఆ ఘనత ఎవరును చెప్పుకొనరు. తప్పినచో ఆ అంకె బస్తీ బడి లెక్కలో పడును. ఇంటిలో చదువుకొన్న మనిషి లేక, తెల్లవారుజామున కొళాయివద్ద బిందెలు నింపి, తమ్ముని ఎత్తుకొని సముదాయించి, పిమ్మట బడికి వచ్చిన బాలిక మెట్రిక్‌లో ద్వితీయ శ్రేణిలో గడచినచో, బడి ఆమెకు చేర్చిన విద్య ఎంత? ట్యూషను మాస్టరు నీడలో పెరిగి తొంబది మార్కులు తెచ్చుకొన్న వానికి వాని బడి చేర్చినది ఎంత? చేరిననాటి స్థితినుండి విడిచిననాటి స్థితివరకు నడచిన దూరమును కొలిచినగాని బడి విలువ తేలదు. ఈ కొలత పట్టినవాడెవ్వడును బస్తీ ఉపాధ్యాయుని చులకనగా మాటలాడలేడు.

ఉపాధ్యాయులు చాలరన్న మాట మాత్రము ముమ్మాటికి నిజము. అది ఎవరి దోషమో చూతము. ఉన్నత పాఠశాలలలో పదునేడు వేలకు పైబడిన పట్టభద్ర ఉపాధ్యాయుల నియామకమునకై 2016లో ఝార్ఖండు ప్రభుత్వము ప్రకటన చేసెను. మన తూర్పు సింగ్‌భూము జిల్లా చేరిన పదుమూడు షెడ్యూలు జిల్లాలలో ఉద్యోగములన్నియు స్థానికులకే యను నియమముపై వ్యాజ్యము లేచెను. 2020లో ఉన్నత న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసెను. 2022 ఆగస్టు 2న సర్వోన్నత న్యాయస్థానము అది రాజ్యాంగవిరుద్ధమని స్థిరపరచెను. స్థానికుల ఉద్యోగకాంక్ష అన్యాయమైనది కాదు. కాని నిలువని నియమమును నిర్మించి ఆరేండ్లు వాదములలో గడపినవారు ఏలికలు, ఆ ఆరేండ్లు గణితము చెప్పువాడు లేక కూర్చున్నవారు పిల్లలు. ఆరవ తరగతిలో నున్న బాలుడు ఆ వ్యాజ్యము తేలులోపల పదవ తరగతి దాటిపోయెను. ఉన్న ఉపాధ్యాయులనైన బడిలో నుండనిచ్చితిమా? జనగణనకు, ఎన్నికలకు, విపత్తు సహాయమునకు వారిని వాడుకొనవచ్చునని విద్యాహక్కు చట్టము 27వ సెక్షనే తలుపు తెరచియుంచినది. వోటర్ల జాబితాలు, బ్యాంకు ఖాతాల వివరములు, నానావిధములైన పట్టికలు ఆ తలుపులోనుండియే దూరుచున్నవి. వైద్యుని ఆసుపత్రి విడిపించి జనాభా లెక్కలకు పంపి, రోగులు చచ్చిరి గనుక ఆసుపత్రి మూయుమనుట ఎవరికిని తోచదు. బడి విషయమున అదే మాట నిస్సంకోచముగా అనుచున్నాము.

ఖర్చుల వాదమునకు మన తెలుగునేలయే ప్రయోగశాల అయినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు నాటి ఆంధ్రప్రదేశములోని నూటయెనుబది గ్రామములలో 2008 మొదలు నాలుగేండ్లు ఒక పరీక్ష నడిపిరి. ప్రైవేటు బడిలో చదువుటకు వోచర్లు కోరిన కుటుంబములకు చీటీలు వేసి, పేరు వచ్చిన పిల్లలను ప్రైవేటు బడికి పంపి, రానివారితో సరిపోల్చిరి. రెండేండ్ల తరువాతను, నాలుగేండ్ల తరువాతను కూడ తెలుగులో గాని, గణితములో గాని ఆ ఇరుతెగల పిల్లల నడుమ చెప్పదగిన తేడా కానరాలేదు. ప్రైవేటు బడిలో అదనముగ చెప్పిన హిందీలో మాత్రము తేడా కనబడెను. 2015లో ప్రకటితమైన ఈ ఫలితమును మన ప్రతిపక్షులు కూడ ఉదాహరింతురు; ఏలయన ప్రైవేటు బడికి తలసరి ఖర్చు సర్కారు ఖర్చులో మూడవవంతుకంటె తక్కువని అందులోనే తేలినది. నేనును ఆ అంకెను దాచను. కాని ఆ పొదుపు ఎచటినుండి వచ్చినది? ఉపాధ్యాయుని జీతమునుండి వచ్చినది. బస్తీలో చదువుకొన్న యువతిని కొద్దిపాటి నెలజీతముపై కూర్చుండబెట్టి, సెలవు లేక, పింఛను లేక, మరుసటి ఏడు ఉండునో లేదో తెలియక పాఠము చెప్పించుట పొదుపు కాదు. కూలివాని బిడ్డ చదువుకయ్యెడి ఖర్చును మరొక పేదయింటి బిడ్డ శ్రమనుండి పిండుకొనుట. అదియునుగాక ఆ పరీక్ష ప్రాథమిక తరగతులది. ప్రయోగశాల, గ్రంథాలయము, విషయమునకొక ఉపాధ్యాయుడు కావలసిన ఉన్నత తరగతులకు ఆ చౌకబేరము వర్తించునని చెప్పుటకు అందు ఆధారము లేదు. తల్లిదండ్రులు కడుపు కట్టుకొని కట్టిన రుసుము తెలుగునకు, లెక్కలకు ఏమియు అదనముగ తేలేదన్న మొదటి సత్యమును వదలి, చౌక యన్న రెండవ సత్యమునే పట్టుకొనుట పండితులకు తగదు.

పేదపిల్లలకు ప్రైవేటు బడులలో నూటికి ఇరువదియైదు స్థానములు చట్టమే ఇచ్చినది గదా యని కొందరందురు. 2010 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన ఆ చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల వయసువారి కొరకు, ఎనిమిదవ తరగతి వరకు. ఆ స్థానములు తొలి తరగతి ప్రవేశమునకే. పైగా అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఆ చట్టము వర్తింపదని 2014లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఈ నగరమున పేరుమోసిన విద్యాలయములలో పెక్కు క్రైస్తవ సంస్థలే యన్న సంగతి అందరెరిగినదే. ఎటు చూచినను తొమ్మిదవ తరగతి గడపవద్ద చట్టపు చేయి వదలిపోవును. ఎనిమిదేండ్లు ఉచితముగా చదివిన బాలుని నిండు రుసుము కట్టుమని ఆ యేట అడిగినచో, ఠేకా కూలి కుటుంబము ఏమి చేయును? వానిని పనికి పంపును, లేదా సర్కారు ఉన్నత పాఠశాలకు పంపును. సర్కారు ఉన్నత పాఠశాలను ఎత్తివేసినచో రెండు దారులలో ఒకటి మూసినట్లే, మిగిలినది పనిదారి. కావున ఆ ఇరువదియైదు పాళ్ల వాదము ఉన్నత పాఠశాలకు వ్యతిరేకమైనది కాదు. దాని ఆవశ్యకతకు బలవత్తరమైన సాక్ష్యము.

ఇంగ్లీషు కావలెనను బస్తీ తల్లి కోరికను నేను గౌరవింతును. ఇంగ్లీషు రానివాడు ఈ ఊరి ఫ్యాక్టరీ గేటువద్ద ఎట్టి చూపునకు గురియగునో ఆమెకు తెలియును. కాని ఇంగ్లీషు నేర్పుట వేరు. ఇంగ్లీషు రాని ఉపాధ్యాయురాలు, ఇంగ్లీషు రాని పిల్లలకు, అర్థము కాని విజ్ఞానశాస్త్రమును బట్టీ పట్టించుట వేరు. బోర్డుపై ఇంగ్లీషు మీడియమని వ్రాసినంతమాత్రమున లోపల జరుగునది మారదు. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పగల ఉపాధ్యాయుని నియమించిన చాలును. ఆ కోరిక తీరును. అందుకు దృష్టాంతముగా ఝార్ఖండు ప్రభుత్వము 2023 మే నెలలో ఎనుబది ఉత్కృష్ట విద్యాలయములను ప్రారంభించి కేంద్రీయ బోర్డు పాఠ్యక్రమమును ప్రవేశపెట్టెను. సర్కారు తలచినచో సర్కారు బడిని తల్లిదండ్రులు పోటీపడి కోరు బడిగా మార్చగలదని దీనివలన తేలినది, అంతవరకు సంతోషమే. కాని వానిలో ప్రవేశమునకు పరీక్ష కలదు. పరీక్ష గలచోట ఏరివేత కలదు. బస్తీలో చురుకైన నలుగురిని ఎత్తుకొనిపోయి, మిగిలిన నలువదిమంది చదువు బడిని ఆర్పివేయుట విద్యావిధానము కానేరదు. ఎనుబదింటికి చేసినది తక్కినవానికి ఎందులకు చేయరాదని అడుగుట మన విధి.

ఇక మన భాష లేదన్న మాట. బస్తీ బడి తరగతి గదిలో సంతాలీ, హో, ముండారీ, బెంగాలీ, ఒడియా, ఉర్దూ, భోజ్‌పురీ, తెలుగు ఇండ్లనుండి వచ్చిన పిల్లలు ఒకే బల్లపై కూర్చుందురు. ఈ నగరమున వారందరు అట్లు కలసి కూర్చుండు తావు మరియొకటి అరుదు. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, అడవిలోని సవర పిల్లలకు చదువు చెప్పవలెనన్న తపనతో వారి భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, స్వంత ద్రవ్యము వెచ్చించి బడి పెట్టిరి. ఆ సవరభాషయు, మన బస్తీలలో వినవచ్చెడి సంతాలీ, హో భాషలును ఒకే ముండా కుటుంబమునకు చెందిన తోబుట్టువులు. పంతులుగారు ఆ బడిలో తన భాష లేదు గనుక తనకు పని లేదనుకొనలేదు. ఇదియుగాక, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధింప వసతి కల్పింపవలెనని రాజ్యాంగము 350ఏ అధికరణము రాష్ట్రమును ఆదేశించుచున్నది. తెలుగు ఉపాధ్యాయుని నియమింపుమని సర్కారునే అడుగగలము గాని ప్రైవేటు యజమానిని అడుగలేము. సర్కారు బడులే లేనినాడు ఆ అధికరణమును పట్టుకొని ఏ తలుపు తట్టుదుము? తన భాషకై పోరాడదలచిన తెలుగువాడు మొట్టమొదట కాపాడుకొనవలసినది సర్కారు బడినే.

విలీనమను పేర జరుగునది కూడ ఇంచుక విప్పి చూడవలెను. 2016 తరువాత కొద్దియేండ్లలో ఝార్ఖండులో నాలుగు వేలకు పైబడిన బడులను ఇతర బడులలో కలిపివేసిరి. వానిలో పెక్కు ప్రాథమిక పాఠశాలలే. హాజరు తక్కువ గనుక మూసితిమనిరి. క్రింది బడి మూతపడినచో పై బడికి పిల్లలు తగ్గుట సహజము. ఆ తగ్గుదలనే చూపి రేపు ఉన్నత పాఠశాలను మూయుమందురు. రెండు కిలోమీటర్ల దూరము పటముపై గోరంత. నేలపై దాని నడుమ రైలుగేటు ఉండును, ఉక్కుచుట్టలు మోయు ట్రైలర్లు ఎడతెగక పోవు రోడ్డుండును, వానకాలమున నది పొంగిన వంతెన యుండును. ఎనిమిదవ తరగతి పిల్లలకు సర్కారు సైకిళ్లు పంచుచున్నది, మంచిదే. ఆ సైకిలెక్కి మాన్‌గో వంతెన రద్దీలో కూతును పంపు తల్లి గుండె ఏ లెక్కలోను చేరదు. తమ్ముడు పోయినను అక్కను ఇంటివద్ద నిలుపుదురు. బడి దూరమైన ప్రతిచోట ముందుగా చదువు మానునది ఆడపిల్లయే. ఆమె పేరు రిజిస్టరునుండి కొట్టివేసిన మరునాడు హాజరు ఇంకను తగ్గినదని నివేదిక వ్రాయుదురు.

సర్కారు బడి బాగుపడదను నిరాశావాదులకు కేరళము చాలును. 2017లో అచటి ప్రభుత్వము సార్వజనిక విద్యాసంరక్షణమును ఒక యజ్ఞమని ప్రకటించి బడులను తీర్చిదిద్దగా, ప్రైవేటు బడులలోని పిల్లలు పెక్కురు తిరిగి వచ్చిరి. ప్రభుత్వపు జీతము తినువారు తమ బిడ్డలను ప్రభుత్వ బడిలోనే చదివింపవలెనని 2015లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము ఆదేశించెను; అది ఆచరణకు రాలేదు. ఐనను ఆ తీర్పులోని తర్కము అఖండనీయము. ఏ బడిలో మాట చెల్లువాని బిడ్డ లేడో, ఆ బడి పైకప్పు కారినను ఎవరికిని వినబడదు. పలుకుబడి గలవారు వెడలిపోవుటయే సర్కారు బడికి తగిలిన పెద్ద దెబ్బ. వెడలిపోయినవారే ఆ బడి క్షీణించినదని తీర్పు చెప్పుట ధర్మము కాదు.

పలుకుబడి మరల సంపాదించు మార్గము చట్టములోనే కలదు. కంపెనీ కౌలునేలయందలి జంషెడ్‌పూరున 1924 నుండి నోటిఫైడ్ ఏరియా కమిటీ యున్నది గాని ప్రజలెన్నుకొన్న పురపాలక సంఘము లేదు. నీటికి, వీథికి, దీపమునకు బస్తీవాసి అర్జీదారుడే గాని అధికారి కాడు. అట్టి ఊరిలో విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రతి సర్కారు ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలకు ఒక నిర్వహణ సంఘముండవలెననియు, అందు నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు విధించినది. ఉన్నత తరగతులకు కూడ ఇట్టి నిర్వహణాభివృద్ధి సంఘము ఏర్పాటైనది. రేజాగా, అనగా కట్టడపు కూలికి, పోవు తల్లి ప్రధానోపాధ్యాయునికి ఎదురుగా కుర్చీలో కూర్చుండి లెక్క అడుగు హక్కు ఆమెకు ఈ నగరమున ఇచట తప్ప వేరెచ్చటను లేదు. బడిని మూయుట యనగా ఆ కుర్చీని కూడ లాగివేయుట. చదువునే కాదు, బస్తీ ప్రజల చేతనున్న ఏకైక పౌరాధికారమును కూడ హరించుట.

కావున నేను కోరునది కరుణ కాదు. ఒకటి, జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాల ద్వారమువద్ద విషయముల వారీగా ఉపాధ్యాయుల ఖాళీల పట్టిక బహిరంగముగా వ్రేలాడదీయవలెను. పాఠము మినహా వేరు పనికి పంపిన ప్రతి దినమును అందులో వ్రాయవలెను. రెండు, ఆ పేట తల్లిదండ్రులను సభలో కూర్చి, ఆడపిల్లలు నడువవలసిన దారిని వారితోకూడ నడచి చూచి, వారి సమ్మతి పొందక ఏ బడిని కలుపరాదు. మూడు, మన తెలుగు సంఘములు శ్రీరామనవమికిని వినాయకచవితికిని చందా వసూలు చేయు ఉత్సాహముతోనే తమ వీథి చివరనున్న ఉన్నత పాఠశాలకు గ్రంథములు, సాయంకాలపు పాఠములు, పదవీవిరమణ చేసిన ఇంజనీర్ల గణితబోధ సమకూర్చవలెను. అందు తెలుగుపిల్లడు ఒక్కడున్నను, ఒక్కడును లేకున్నను. ఈ మూడు పనులును చేసి, అయిదేండ్లు ఓపికపట్టి, అపుడును బస్తీ బిడ్డకు చదువు రానిచో, ఆ బడులను గూర్చి మనము మరల మాటలాడుకొనవచ్చును. ఇవి చేయకముందు వానిని మూయుమని అడుగుటకు సర్కారునకు గాని, పత్రికలకు గాని, మనకు గాని హక్కు లేదు.